మీగడమ్మ వెచ్చని పడక

రైసుమిల్లు కాటా గదిలో ఒక కంప్యూటరు ఉండేది. లారీ తూకానికి వచ్చినప్పుడే దానికి పని. అయినా పొద్దస్తమానం ఒకే వేగంతో నడిచి, దాని పెట్టె పెనంలా కాలేది. లోపలి ఫ్యాను ఆగకుండా రొద పెట్టేది. చలికాలం కావడంతో మీగడమ్మ అనే పిల్లి ఆ పెట్టె మీదే మకాం వేసింది.

పెట్టె వెనక గోడ కన్నంలో నూకాలు అనే ఎలుక కాపురం. పిల్లి దిగదు, నూకాలు బయటికి పోలేదు. నిన్నటి నుంచి పిల్లలు పస్తు.

"ఎన్నాళ్లుంటావత్తా ఇక్కడ?" అంది నూకాలు కన్నంలోంచి.

"వెచ్చగా ఉన్నన్నాళ్లు. నాకేం తొందర? ఆకలి ముదిరితే నువ్వే వస్తావు," అని మీగడమ్మ ఆవులించింది.

ఆ పూట మెకానిక్కు వచ్చి గుమస్తాతో అన్న మాటలు నూకాలు చెవిన పడ్డాయి.

"పని లేనప్పుడు కునుకు తీయడం ఈ ప్రాసెసరుకు వచ్చండి. ఎప్పుడు పడుకోవాలో దానికి చెప్పడమే పాత సిస్టమ్‌కు రాదు. కొత్తది ఎక్కించాను. ఎంటర్ నొక్కితే అమల్లోకి వస్తుంది."

ఇంతలో టీ వచ్చిందని కేక వినబడి ఇద్దరూ బయటికి వెళ్లారు.

నూకాలు గుండె చిక్కబట్టుకుంది. "ఈ రొదలో నీకు నిద్రెలా పడుతోందత్తా?"

"ఎక్కడ పడుతోంది? చెవులు దిబ్బళ్లు వేస్తున్నాయి."

"నీ పక్కనున్న మీటల పలక మీద కుడివైపు పెద్ద మీట నొక్కు. ఆగుతుంది."

"నేను దిగితే నువ్వు జారుకుందామనా?"

"దిగడమెందుకు? కాలు చాపితే అందుతుంది."

నిజంగానే అందింది. పడక వదలకుండా మీగడమ్మ ఎంటర్ మీట నొక్కింది. తెర నల్లబడి మళ్లీ వెలిగింది. కాసేపటికి ఫ్యాను గొంతు తగ్గి, ఆగిపోయింది.

"బతికించావే కోడలా," అని మీగడమ్మ ముడుచుకుని పడుకుంది.

పొద్దు వాలేసరికి పొట్ట కింద రేకు చల్లబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. మీట మళ్లీ మళ్లీ నొక్కి చూసింది.

"ఏమే, రొదతోపాటు వేడీ పోయిందేం?"

"పని లేదుగా, అది పడుకుంది. ఇన్నాళ్లూ అది ఊరికే రగిలితేనే కదత్తా నీకు వెచ్చన?"

మీగడమ్మ ఒళ్లు విదిలించుకుని, గొణుక్కుంటూ బాయిలరు పక్క బూడిద కుప్పకు పోయింది. నూకాలు బయటికొచ్చి, నోటి నిండా బియ్యం తెచ్చింది. పిల్లలు నములుతున్న చప్పుడు విన్నాక గాని ఆమెకు ఊపిరి తిరగలేదు. అంతలో లారీ వచ్చింది. కంప్యూటరు లేచి తూకం చూసి, మళ్లీ కునుకు తీసింది.

నీతి: ఎదుటివాడి దుబారా మీద పడక వేసుకున్నవాడు, వాడికి పొదుపు తెలిసిన రోజున లేవక తప్పదు.