నలభై రెండు విస్తళ్లు

చిన్నయ్యస్వామి మఠంలో బడి బాధ్యత ఆయన శిష్యుడు పరాంకుశానిది. ఐదు తరగతులు, నలభై రెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు.

ఆ ఇద్దరిలో హేమలత టీచరు ఒకనాటి పొద్దున వచ్చి, తానుంటున్న మున్సిపాలిటీ ఇంటికి అద్దె పెంచారనీ, తన జీతంతో కట్టలేననీ చెప్పింది. మఠం వెనక ఖాళీగా ఉన్న రెండు గదులు పాత అద్దెకే ఇస్తే ఉంటానంది. లేకపోతే అక్కగారి ఊరు వెళ్లిపోతానంది.

పరాంకుశం స్వామి దగ్గరికి వెళ్లి, ఆమెను వెళ్లనిద్దామన్నాడు. గదులు యాత్రికులకిస్తే ఎక్కువే వస్తుందన్నాడు.

“బడికి రెండో టీచరు ఎందుకు స్వామీ? నలభై రెండు మందేగా. ఒక్కరు చాలరూ?”

స్వామి కాదనలేదు. “ఆమెతో సాయంత్రం చెబుదువుగానీ. మధ్యాహ్నం పిల్లలకి వడ్డన మాత్రం నువ్వొక్కడివే చెయ్యి.”

ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. చివరి విస్తట్లో అన్నీ పడ్డాకే మొదటి విస్తరి ముందున్నవాళ్లు చెయ్యి పెట్టాలి. రోజూ నలుగురు వడ్డిస్తారు కాబట్టి అదెవరికీ కష్టమనిపించలేదు.

పరాంకుశం కండువా నడుముకు బిగించాడు. అన్నం పెట్టి, పప్పు తెచ్చేసరికి అన్నం చల్లారింది. కూర సగంలో ఉండగా చివరి వరుసవాళ్లు నీళ్లడిగారు. నీళ్లు పోసి వచ్చి, ఎక్కడ ఆపాడో మరిచిపోయి, ఒక పిల్లకి రెండోసారి కూర వేశాడు. పక్కనున్న ఇద్దరిని దాటేశాడు. ఆ ఇద్దరూ అడగనే లేదు. ఒకటో తరగతి పిల్లాడు ఆగలేక ముద్ద నోట్లో పెట్టుకుని, పెద్దపిల్లలు కసిరితే ఏడ్చాడు.

“అన్నా, మజ్జిగ ఇవాళే పోస్తావా, రేపా?” అంది ఐదో తరగతి పిల్ల. వరుసంతా నవ్వింది.

పిల్లలు లేచి వెళ్లాక స్వామి అడిగాడు, వండినవి సరిపోయాయా అని.

పరాంకుశం గిన్నెలవైపు చూశాడు.

“మిగిలాయి స్వామీ. పిల్లలకే అందలేదు.”

పరాంకుశం చేతులు కడుక్కుని, తాను తినకుండానే చీపురు తీసుకుని వెనకవైపు నడిచాడు.

“ఎక్కడికి?”

“గదులు ఊడ్చాలి. హేమలతమ్మని సాయంత్రం సామాను తెచ్చుకోమంటాను.”

“ఒక్కడివేనా?” అని స్వామి ఇంకో చీపురు అందుకున్నాడు.