అడగని పాస్‌వర్డ్

ఒక ఊరి చేనేత సంఘం వెబ్‌సైట్లో చీరల డిజైన్లున్న ఫోల్డర్‌కి పట్నం నిపుణుడు చక్రపాణి పాస్‌వర్డ్ పెట్టాడు. అప్పట్నుంచి ఎవరు తెరిచినా సర్వర్ ఎర్రరే. సాయంత్రంలోగా కొనేవాళ్ళు చూడకపోతే బేరం పోతుంది.

"నేతగాళ్ళకి పాస్‌వర్డ్ కొట్టడం రాదు. తప్పు కొడుతున్నారు," అన్నాడు చక్రపాణి అందరి ముందూ.

ముసలి నేతగాడు భావనారుషి చేతులు కట్టుకుని, "మీరు కొట్టి చూపించండయ్యా, నేర్చుకుంటాం," అన్నాడు.

చక్రపాణి తెరిచాడు. మళ్ళీ ఎర్రరే.

"పాస్‌వర్డ్ కొట్టే గడి ఏదీ?" అని తెరంతా వెతికాడు.

"మేమూ దానికోసమే చూస్తున్నామండీ. అడగని పాస్‌వర్డ్ తప్పెలా కొడతాం?" అన్నాడు భావనారుషి.

అందరూ గొల్లున నవ్వారు. చక్రపాణి తను రాసిన సెట్టింగులు తెరిచాడు. పాస్‌వర్డ్ల జాబితా సర్వర్లో ఎక్కడుందో చెప్పాల్సిన చోట, తన ఇంటి కంప్యూటర్లోని ఫోల్డర్ దారి రాసుంది. సర్వర్‌కి అదెక్కడ దొరుకుతుంది? దిద్దగానే గడి వచ్చింది.

చక్రపాణి నవ్వుతూ లేచి, "మీరు కూర్చోండి, పెద్దాయనా," అని తన కుర్చీ జరిపాడు.