వంతెన మీద లోడు బళ్ళు

గంగాచలం మాస్టారికి ఒక అలవాటుందండీ. పిల్లలు సందేహం అడిగితే గబుక్కున చెప్పరు. "పద, అలా నడుద్దాం" అంటారు. నడకలో ఏదో ఒకటి ఎదురవుతుంది, అదే జవాబంటారు.

ఆ రోజు డిగ్రీ చదివే హైమ వచ్చింది. లెక్కేంటంటే, ఒకే బరువున్న రెండు బళ్ళు ఒకే వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని అతుక్కుపోయాయి. తర్వాత వాటి వేగం ఎంత? ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, ఢీకొనకముందు మొత్తం ఎంతో తర్వాతా అంతేనట. ఈ పిల్ల రెండిటినీ కూడేసి, అతుక్కున్న బళ్ళు అదే వేగంతో ముందుకు పోతాయని రాసేసింది. పుస్తకంలో జవాబు సున్నా.

"ఎదురుగా వచ్చేదానికి మైనస్ పెట్టాలంటారు. రెండూ ఎదురుగానే వస్తున్నాయి కదండీ మాస్టారూ, దేనికి పెట్టాలి?" అంది. నిజమే కదండీ, నాకూ అదే అనుమానం. మాస్టారు చెప్పులేసుకున్నారు. వెనకాలే నేనూ వెళ్ళాను.

మా కాలవ వంతెన మీద ఒక్క బండే పడుతుంది. వట్టి బండి వెనక్కి తగ్గి లోడు బండికి దారివ్వాలి, అదీ పద్ధతి. ఆ సాయంత్రం రెండు వైపుల్నించీ లోడు ట్రాక్టర్లే ఎక్కాయి. ఒకటి హైమ నాన్న మందేశ్వర్రావుది, రెండోది బాబాయి సుబ్బారాయుడిది. పొలం గట్టు తగాదా నించి ఆ అన్నదమ్ములకి మాటల్లేవు. రెండిళ్ళ దాళ్వా, అదే రెండో పంట ధాన్యం, ఆ ట్రాక్టర్ల వెనక ట్రక్కుల్లోనే ఉంది. మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. వాన కంటే ముందే చేరిపోదామన్న తొందరలో ధాన్యం మీద బరకాలు కూడా కప్పుకోలేదు. బంపర్లు ఠంగుమని తగిలి ఆగాయి.

"తగ్గరా చిన్నోడా! రివర్సు గేరు మీ అత్తారికిచ్చేశావా?"

"పెద్దోడివి కదా, ముందు నీ పెద్దరికం వెనక్కి తీసి చూపించు!"

హైమ మధ్యకి పరిగెత్తింది. "నాన్నా, వానొచ్చేస్తోంది! బాబాయ్, నువ్వైనా!" అని ఇద్దర్నీ బతిమాలింది. వాణ్ణి తియ్యమన్నాడు తండ్రి. ఆయన్నే తియ్యమన్నాడు బాబాయి. మాస్టారూ చెప్పి చూశారు. ఇద్దరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. "మీకు తెలీదండీ మాస్టారూ" అన్నారు ఇద్దరూ. ఆ ఒక్క మాటలోనే కలిశారండీ.

వాన దంచేసింది. ట్రక్కుల సందుల్లోంచి పచ్చటి నీళ్ళు కాలవలోకి కారుతుంటే, ఎవరి స్టీరింగు వాళ్ళు పట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. ఇంకిప్పుడు వెనక్కి తీస్తే మాత్రం ఏం లాభం? తడిసిన ధాన్యం మొలకొచ్చేస్తుంది, మిల్లువాళ్ళు ముట్టుకోరు.

హైమ తడుస్తూ వచ్చి మాస్టారి పక్కన నిలబడింది. ఆయన గొడుగు ఆ పిల్ల వైపు వంచారు.

"మైనస్ ఎవరికి పెట్టినా జవాబు మారదమ్మా" అన్నారు చివరికి. "పెట్టించుకునేవాడే దొరకలేదు."