ఉడుము సోమయ్య ఈల

అనగనగా అంటే మరీ తాతలనాటి మాట కాదర్రా, మొన్నమొన్నటిదే. ఒక అడవిలో ఓ చిన్న కాలేజీ ఉండేది. చిన్నదంటే ఎంత? మూడు గదులు, ఒక గంట, ఒక హాకీ గ్రౌండు. అంతే! కానీ హాకీ అంటే మాత్రం అక్కడందరికీ ప్రాణం.

ప్రిన్సిపాల్ పేరు భీమన్న. అడవిదున్న. ఆయన ఒక పద్ధతి పెట్టాడు. కొత్త కోచ్ రాగానే మెడలో ఈల వేస్తాడు. వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడితే ఆ ఈల తీసేసుకుంటాడు. ఈల పోయిందా, ఉద్యోగం పోయినట్టే. కాలేజీ వెనక ఉండటానికి ఇచ్చిన పుట్ట కూడా ఖాళీ చెయ్యాలి.

ఆ ఏడు వచ్చిన కోచ్ ఉడుము సోమయ్య. కర్ర పట్టడం నేర్పాలంటే ఆయనే నేర్పాలి. ఉడుంపట్టని ఊరికే అన్నారా మరి! కానీ పాపం, ఇలాంటి చిన్న కాలేజీల్లోనే తిరిగి తిరిగి ఏడేళ్ళలో ఏడు పుట్టలు మారాడు. ఆయన భార్య రంగమ్మ దగ్గర ఆకులో కట్టి దాచిన బీరగింజలుండేవి. ఎక్కడా నాటలేదు. "పాదు కాపుకొచ్చేదాకా మనల్ని ఉండనిస్తారా ఏంటి?" అనేది.

మొదటి మ్యాచ్ మొదలైంది. గోల్‌కీపర్ ముళ్ళపంది గుండన్న. బంతి రివ్వున వచ్చి వాడి వీపు మీద ముళ్ళ మధ్య ఇరుక్కుంది. వాడికి తెలియలేదు. "బంతేదీ? బంతేదీ?" అంటూ వెతుక్కుంటూ గోల్ లోపలికి నడిచాడు. బంతితో సహా! ఇంకేముంది, ఓడిపోయారు.

రెండో మ్యాచ్ రోజు వాన. గ్రౌండంతా బురద. మనవాళ్ళు ఒకరి మీద ఒకరు జారి పడ్డారు. అదీ పోయింది.

ఇక మూడోది. పెద్దకోన చిరుతలతో. మన జట్టులో అందరికన్నా చురుకైనది చుక్కి అనే కృష్ణజింక. పొద్దున్నే చూస్తే దాని కాలు బుస్సున వాచి ఉంది.

ప్రిన్సిపాల్ సోమయ్యని పక్కకి పిలిచాడు. "చుక్కి ఆడితే గెలుస్తామయ్యా. ఈల నీ మెడలో ఉండాలో వద్దో నువ్వే ఆలోచించుకో."

చుక్కి కూడా, "గట్టిగా కట్టు కట్టండి సార్, ఆడేస్తా!" అంది.

సోమయ్య కట్టు కట్టడానికి కూర్చున్నాడు. వాపు మీద వేలు పెట్టాడో లేదో, "అబ్బా!" అని చుక్కి కళ్ళు మూసుకుంది. ఆయనకి మళ్ళీ వెతుక్కోవాల్సిన పుట్ట గుర్తొచ్చింది. రంగమ్మ గింజలు గుర్తొచ్చాయి. అయినా కట్టకుండానే ఆ గుడ్డ చుట్టేసి పక్కన పెట్టేశాడు.

"కూర్చోమ్మా. ఇవాళ నువ్వు ఆడటం లేదు."

ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు.

మర్నాడు ప్రిన్సిపాల్ అందర్నీ గ్రౌండులో నిలబెట్టాడు. "చెప్పు సోమయ్యా, ఎవరి వల్ల ఓడాం?"

గుండన్న అందరి వెనక్కి నక్కాడు. ఇదివరకటి కోచ్‌లంతా పిల్లల పేర్లు చెప్పినవాళ్ళే మరి. ఒకాయనైతే గాలి పేరు కూడా చెప్పాడు!

సోమయ్య ముందుకొచ్చాడు. "మొదటిది నా వల్ల. గుండన్న వీపుకి గోనెసంచి కట్టాలి, మర్చిపోయాను. రెండోదీ నా వల్లే. బురదలో ఒక్క రోజైనా ఆడించలేదు. మూడోది మాత్రం తప్పు కాదండీ. రేపు మళ్ళీ అడిగినా చుక్కిని కూర్చోబెడతాను." అని ఈల తీసి ముందుకు పట్టాడు.

ప్రిన్సిపాల్ చెయ్యి చాపబోయాడు. అప్పుడు గంట కొట్టే కణితి జింక మల్లమ్మ కుంటుకుంటూ వచ్చింది.

"అయ్యగారూ, నేనూ ఒకప్పుడు ఈ గ్రౌండులోనే చుక్కిలా పరిగెత్తినదాన్నే. వాచిన కాలుతో ఆడించారు. గెలిచాం. మా కోచ్ ఈల నిలిచింది, నా కాలు నిలవలేదు. ఆయన చెడ్డవాడు కాదండీ. ఈల పోతుందని భయపడ్డాడు. ఆ భయం పెట్టింది మీరు."

భీమన్న అంత పెద్ద తల కిందికి వాలిపోయింది. తర్వాత ఈల తీసుకుని, సోమయ్య మెడలోనే వేశాడు.

"నా లెక్కే తప్పమ్మా మల్లమ్మా. సోమయ్యా, ఈ ఈల నీకు మూడేళ్ళు. ఎవరూ తియ్యరు. కానీ ప్రతి నెలా ఇక్కడే, అందరి ముందూ నిలబడాలి. ఎంతమంది ఆడారు, ఎవరికి దెబ్బ తగిలింది, నువ్వేం తప్పు చేశావు, అన్నీ చెప్పాలి. తప్పు దాచావో, ఈల ఆ రోజే వెనక్కి!"

"దాచనండీ," అన్నాడు సోమయ్య. ఏడేళ్ళుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

"సార్, గోనెసంచి ఇప్పుడే కట్టుకోనా?" అన్నాడు గుండన్న. అందరూ పగలబడి నవ్వారు.

పుట్ట దగ్గర రంగమ్మ మూట నెత్తిన పెట్టుకుని సిద్ధంగా ఉంది. "ఈసారి ఎటు వైపయ్యా నడక?"

"ఎటూ కాదే. దించు ఆ మూట."

ఆవిడ ఆయన మెడ చూసింది. ఈల చూసింది. మూట అక్కడే దించి, ముందు బీరగింజలు విప్పింది.

తర్వాతి మ్యాచ్ గెలిచారా అని అడుగుతారు, నాకు తెలుసు. అదీ ఓడారు! అయినా ఎవరూ మూట కట్టలేదు. ఆ పైది గెలిచారు, కాలు నయమైన చుక్కి రెండు గోల్స్ కొట్టింది. అప్పటికి రంగమ్మ బీరపాదు పందిరెక్కి, పచ్చగా పూత మీదుంది.

నీతి: భయపెడితే తప్పులు దాస్తారు, నమ్మి అడిగితే ఒప్పుకుని దిద్దుకుంటారు.