రాజు వెనక్కి తిరిగినప్పుడు

మా గవరయ్య మాస్టారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పరు. జేబురుమాలు తీసి లెన్సు తుడుస్తారు. ఆ తుడవడం అయ్యేలోపు అడిగినవాడికే తన ప్రశ్న మీద అనుమానం వచ్చేస్తుంది. ఆయన స్టూడియోలో చేరి ఏడాది నిండిన రోజున నేను అడిగాను: "మాస్టారూ, ఉన్నది ఉన్నట్టు తీస్తే చాలదాండీ? ఇంకా నేర్చుకోవలసింది ఏముంది?"

మాస్టారు లెన్సు తుడిచారు. "రేపు నాటకం వాళ్ళకి ఫోటోలు తియ్యాలి. నువ్వే తియ్యి," అన్నారు.

మా రాజాంలో నాగావళి నాట్యమండలి అని తొమ్మిది మంది ఉన్న చిన్న సమాజం ఉంది. రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు కథని పద్యాలతో ఆడతారు. శ్రీకాకుళంలో జరిగే నాటక పోటీల వాళ్ళు ముందు ఫోటోలు పంపమన్నారట, అవి చూసి నచ్చితే పిలుస్తారట. ఆ ఫోటోనే గోడ పోస్టరు మీద కూడా వేయించాలని కార్యదర్శి జోగారావు గారి ఆశ. అందుకని పట్టపగలు పదకొండు గంటలకి, గ్రంథాలయం పక్క హాల్లో, తలుపులు మూసి దీపాలు వేసి, అందరూ వేషాలు కట్టారు. సంగతి తెలిసి ఊళ్ళోవాళ్ళు కూడా ఓ యాభై మంది వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

"మంత్రిగారూ, చేతి గడియారం తియ్యండి. మీ రాజ్యంలో అవి ఇంకా పుట్టలేదు!" అని జోగారావు గారు కింద నించి అరిచారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తెర మీద రంగుల్తో వేసిన కోటని చూస్తూ నిజంగా దాని గుమ్మంలో నిలబడ్డట్టే ఉన్నాను. అలాంటివి నాకు తొందరగా పట్టేస్తాయి.

రాజు వేషం తవిటయ్య గారిది. అరవై దాటాయి, ముప్ఫై ఏళ్ళుగా ఆ కిరీటం ఇంకొకరి తల మీదకి పోలేదు. ఆయన అడవికి బయల్దేరేముందు పాడే పద్యం కోసమే జనం వస్తారు. పద్యం చివర రాగం సాగదీసి సాగదీసి, ఉన్నట్టుండి ఉత్తరీయం విసురుగా తిప్పి, జనానికి వీపు పెట్టి, కోట తెర ముందు నిలబెట్టిన చెక్క స్తంభం పట్టుకుంటారు. ఆ రాగాన్ని లచ్చుమన్నాయుడు గారి హార్మోనియం అందుకుని ఇంకాస్త దూరం తీసుకుపోతుంది. సరిగ్గా అక్కడే చప్పట్లు. "రాజు తన కన్నీళ్ళు మనకి చూపించడే!" అని మా అమ్మ ఎప్పుడూ చెప్పుకునేది.

నేను ఆ వేళ వెనక తెర అంచున, స్తంభం పక్కనే నిలబడ్డాను. రాగం అయింది. ఉత్తరీయం తిరిగింది. రాజు మొహం నాకెదురుగా వచ్చింది. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు తాళ్ళలా లేచాయి, కళ్ళలో నీళ్ళు. అంత దుఃఖం నేను నా జన్మలో చూడలేదు. కెమెరా ఎత్తి నొక్కేశాను.

ఆట అయ్యాక అందరూ కెమెరా చుట్టూ మూగారు. ఆ ఫోటో రాగానే జోగారావు గారు ఎగిరి గంతేశారు. "ఇదే! ఇదే పోస్టరు! తమ్ముడూ, నీ చెయ్యి బంగారం!" లచ్చుమన్నాయుడు గారు ఒకసారి తొంగి చూసి, వెళ్ళి హార్మోనియం మూత వేసేశారు. తవిటయ్య గారు మాత్రం నా మోచెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళారు.

"బాబూ, అక్కడ నాను ఏడవలేదు. ఊపిరి అందలేదు."

నాకు అర్థం కాలేదు.

"రెండేళ్ళయింది. రాగం చివరికొచ్చేసరికి గాలి చాలదు. నాయుడికొక్కడికే తెలుసు. నాను తిరగ్గానే వాడు అందుకుంటాడు. నాను గాలి పీల్చుకునేదాకా లాగుతాడు. ఈ బొమ్మ చూస్తే తెలిసిపోద్ది. ఇంక ఈ వేషం నాకివ్వరు."

"ఎవరికీ తెలీదండీ, నాకే తెలీలేదు. చాలా బాగుందండీ అది," అన్నాను. నా గొంతు నాకే వేడుకోలులా వినిపించింది.

ఆయన నవ్వారు. "నీకేటి తెలుస్తాది? నువ్వు పద్యం పాడినోడివి కావు. శ్రీకాకుళంలో ఈ బొమ్మలు చూసి ఎంచేటోళ్ళు ముగ్గురూ పాడి పాడి గొంతులు అరిగినోళ్ళే."

నేను తిరిగి వచ్చేసరికి జోగారావు గారు పోస్టరు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా చెప్పేస్తున్నారు. మాస్టారి వైపు చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని లెన్సు తుడుచుకుంటున్నారు.

"అది పనికిరాదండీ," అన్నాను. "చెయ్యి కదిలిపోయింది. కెమెరా వెనక ఇంత చిన్న తెర మీద తెలీదు గానీ, పెద్దది చేస్తే మొహమంతా మసకైపోతుంది."

"ఇందాకటి బంగారం చెయ్యేనా ఇది?" అని జోగారావు గారు మొహం మాడ్చుకున్నారు. "సరే, మళ్ళీ కట్టండర్రా!"

తవిటయ్య గారు మళ్ళీ పాడారు. ఈసారి నేను కింద, జనంలో నిలబడ్డాను. ఆయన ఏమనుకున్నారో, వెనక్కి తిరగలేదు. రాగం చివర ఆయన ఛాతీ ఎగసిపడడం కెమెరా లోంచి నాకు కనిపించింది. హార్మోనియం అందుకుంది. నా వేలు మీట మీదే ఉంది. హార్మోనియం లాగుతూనే ఉంది. ఆయన నోరు మూసుకుని, తల నెమ్మదిగా ఎత్తి, పోయిన రాజ్యాన్ని ఒకసారి చూసుకున్నారు. అప్పుడు నొక్కాను.

మామూలు ఫోటోయే. ఒక రాజు నిలబడి ఉన్నాడు, అంతే. దాన్నే పంపారు. పన్నెండో రోజున శ్రీకాకుళం నించి పిలుపు వచ్చింది. తవిటయ్య గారి పేరు పోస్టరులో అన్నిటికంటే పైన పడింది.

ఆ సాయంత్రం స్టూడియోలో మేమిద్దరమే ఉన్నాం. మొదటి ఫోటో చెరపడానికి నాకు చేతులు రాలేదు. దాన్ని కంప్యూటర్ తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఇది మసకేం లేదండీ. ఇది నిజం కదండీ మరి?"

మాస్టారు జేబురుమాలు తియ్యలేదు.

"నిజమేరా," అన్నారు. "హాల్లో ఉన్న అందరికీ వీపు పెట్టిన మనిషి, నిన్ను నమ్మి నీవైపు మొహం పెట్టాడు. అదీ నిజమే."