డ్రమ్ములు ఆగిన చరణం

ఒక రేవు పట్నంలో ముగ్గురు స్నేహితులు రాక్ బ్యాండు నడిపారు. ఒకడు పాడేవాడు, ఒకడు గిటారు వాయించేవాడు, ఒకడు డ్రమ్ములు కొట్టేవాడు. ముప్పై ఏళ్లు గడిచేసరికి పాడేవాడూ గిటారువాడూ పోయారు. డ్రమ్ములాయన ఒక్కడే మిగిలాడు. పాటలు మాత్రం ఒక్కటీ చావలేదు. ఆ పట్నం వాళ్లకు ఆ పాటలంటే ప్రాణం. డ్రమ్ములాయన ఏ వీధిలో ఉంటున్నాడో మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఒకనాడు ఒక నాటకకర్త ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"మాస్టారూ, మీ పాటలన్నీ కలిపి ఒక నాటకం కడుతున్నాను. మాట మార్చను, వరస మార్చను. మీరు సరేనంటే చాలు."

"కథేమిటి బాబూ?"

"కథ ఇంకా లేదండీ. పాటలున్నాయిగా, అదే వస్తుంది."

"ఒక్కటి అడుగుతాను. తలుపు పాటలో చివరి చరణానికి నన్ను వాయించనివ్వు."

నాటకకర్త మొహం మాడిపోయింది. "అక్కడ డ్రమ్ములుండవు కదండీ. జనం వచ్చేదే ఆ మౌనం కోసం. ఇంకేదైనా అడగండి."

తలుపు పాటలో చివరి చరణం మొదటి వాక్యం కాగానే డ్రమ్ములు ఆగిపోతాయి. మిగతాదంతా గొంతు ఒక్కటే. పట్నమంతా దాన్ని గొప్ప కళ అనుకునేది. సంగీతం నేర్పేచోట పిల్లలకు పాఠంగా కూడా చెప్పేవారు: అక్కడ కర్రలు ఒళ్లో పెట్టుకోవాలి, పాదం కూడా కదపకూడదు అని.

నిజం అంత గొప్పది కాదు. పాడేవాడు జబ్బుపడి నెల్లాళ్లు మంచాన ఉన్నప్పుడు డ్రమ్ములాయన వేరే బ్యాండుతో ఊళ్లు తిరిగాడు. జబ్బు తగ్గాక పాడేవాడు ఈ పాట తెచ్చాడు. రికార్డింగు రోజు దాకా చివరి చరణం ఎవరికీ వినిపించలేదు. ఆ రోజు డ్రమ్ములాయన వైపే చూస్తూ పాడాడు: తలుపు దగ్గరగా వేశాను, గడియ పెట్టలేదు, నువ్వు మాత్రం రాలేదు. డ్రమ్ములాయన చేతులు ఆడలేదు. కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. అది చూసి గిటారువాడూ ఆపేశాడు. కళ అంటే అంతే.

కానీ ఆయన వచ్చాడు. ఆ జబ్బు రోజుల్లోనే ఒక సాయంత్రం స్నేహితుడి ఇంటి తలుపు దాకా వచ్చి, లోపలి దగ్గు విని, ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక వెనక్కి తిరిగాడు. ఆ మాట స్నేహితుడికి చెప్పలేదు. తరవాత ఎన్నో ఊళ్లలో ఆ పాట కలిసే వాయించారు. ప్రతిచోటా జనం ఆ మౌనమే కోరారు, ప్రతిచోటా ఆయన కర్రలు దించాడు. అలా దించుతూ ఉండగానే పాడేవాడు పోయాడు. చెప్పని మాట ఆయన్ని లోపల తినేస్తూనే ఉంది. ఆయనకు మాటల్లో చెప్పడం రాదు, వాయించడమే వచ్చు. అందుకే అడిగాడు.

నాటకకర్త కాదన్నా డ్రమ్ములాయన ఒప్పందం మీద సంతకం పెట్టాడు. స్నేహితుడి మాటలు మళ్లీ మనుషుల నోట వినాలని ఆశ.

నాటకం తయారైంది. వాన పాట ఉంది కాబట్టి వాన కురిపించారు. రైలు పాట ఉంది కాబట్టి నాయకుణ్ణి రైలెక్కించారు. ఏడుపు పాటలు రెండున్నాయి కాబట్టి ఇద్దర్ని చంపారు. గుండీలు ముందు కొనుక్కుని వాటికి తగ్గ చొక్కా కుట్టించుకున్నట్టే ఉంది, అయినా చూడ్డానికి బాగానే ఉంది.

మొదటి రోజు మ్యాట్నీకి డ్రమ్ములాయన మూడో వరుసలో కూర్చున్నాడు. తలుపు పాట వచ్చింది. నాయిక పాడుతోంది. నువ్వు మాత్రం రాలేదు అనగానే డ్రమ్ములు ఆగాయి. వేదిక మీద తలుపు తెరుచుకుంది, రైలెక్కి పోయిన నాయకుడు గడప దాటి లోపలికి వచ్చాడు. పాటలో రాలేదు, కథలో వచ్చాడు. హాలంతా కళ్లు తుడుచుకుంది.

వాడు ఆ గడప ఎంత తేలిగ్గా దాటాడో డ్రమ్ములాయన చూశాడు. నాలుగడుగులు, అంతే. ఆయనకు దుఃఖం ఆగలేదు. వేళ్లు వాటంతటవే కుర్చీ చేతి మీద వాయించడం మొదలుపెట్టాయి. నెమ్మదిగా, తడబడుతూ, తరవాత నిలకడగా. "వచ్చాన్రా," అన్నాడు. "తలుపు దాకా వచ్చాను."

పక్క సీట్లో ఒకావిడ తడి కళ్లతో ఇటు తిరిగింది.

"తాతగారూ, ఇక్కడ చప్పుడు చెయ్యకూడదండీ. ఈ పాట మీరెప్పుడూ వినలేదా?"

ఆయన వేళ్లు ఆగలేదు. ఆవిడ కోప్పడలేదు. ఆయన చేతి మీద తన చెయ్యి వేసి, మెత్తగా అదిమి, పాట అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. ఆయన వదిలించుకోలేదు.