వంకరకాళ్ల గుర్రప్పిల్ల

ఏ రాజు ఏలిన రోజులో ఎవరికీ గుర్తులేదు గానీ, గాలి కూడా గుర్రంలా పరుగులు తీసే ఒక మైదానం ఉండేదట. అక్కడ సింగన అనే నాయకుడు తన వాళ్లతో కలిసి గుర్రాల మందను మేపుకుంటూ తిరిగేవాడు.

వానలు ముంచుకొస్తున్నాయి. ఏరు పొంగకముందే మంద అవతలి గట్టుకు చేరాలి. సరిగ్గా అప్పుడే వెన్నెల అనే తెల్లగుర్రం ఈనింది. పిల్లకు ముందుకాళ్లు రెండూ పుట్టుకతోనే ముడుచుకుపోయి ఉన్నాయి. లేవబోతుంది, గిట్టలు మడతపడి బోర్లాపడుతుంది.

"నడవలేని పిల్లను ఇక్కడే వదిలెయ్యాలి" అన్నారు మందవాళ్లు.

సింగన కూతురు చెంగల్వకు కాలు నిలవలేదు. ఏటివైపు చూస్తుంది, మబ్బులవైపు చూస్తుంది, మళ్లీ పిల్ల దగ్గరికి పరుగెత్తుకొస్తుంది.

మొదట చిన్నాన్న నూనె రాసి కాళ్లు సాగదీశాడు. వదలగానే మళ్లీ ముడుచుకున్నాయి. తర్వాత మేనత్త వెదురుబద్దలు కట్టింది. పిల్ల విలవిల్లాడిందే గానీ కాళ్లు చాపలేదు.

ఇక చెంగల్వ పక్క ఊరికి పరుగెత్తి, అశ్వవైద్యుడు ఓబళయ్యను వెంటపెట్టుకొచ్చింది. ఆయన కాళ్లు తడిమి చూశాడు.

"ఎముక బాగానే ఉందమ్మా. వెనకాల నరం పొట్టిగా పుట్టి, వింటినారిలా లాగేస్తోంది. దాన్ని కోస్తే కాలు సాగుతుంది."

మందవాళ్లు భగ్గుమన్నారు. ఏరు దాటని పిల్లకు ఇనుము తగలకూడదని వాళ్ల ఆచారం.

"కత్తి పెడితే మందకే కీడు!" అన్నాడు చిన్నాన్న.

"వదిలేస్తే తోడేళ్లు తింటాయి. వాటి పళ్లు మెత్తగా ఉంటాయా, చిన్నాన్నా?" అంది చెంగల్వ.

అప్పుడు వెన్నెల తల ఎత్తి నోరు విప్పింది. "సింగనా! ఈ బిడ్డ నా కడుపులో ఉండగానే నా గిట్టలకు ఇనుప లాడాలు కొట్టావు. అప్పుడు రాని కీడు, నా బిడ్డ నిలబడితేనే వస్తుందా?"

సింగన తల వంచుకున్నాడు. "కానివ్వండి వైద్యుడుగారూ."

ఓబళయ్య పిల్లకు మత్తుమందు పట్టించి, రెండు కాళ్లకూ చిన్న కోతలు పెట్టి, ఆ నరాలను తెంపి కుట్లు వేశాడు. దూది పరిచి బద్దలు కట్టాడు. "పుండు మానేదాకా దీన్ని కదలనివ్వొద్దు" అన్నాడు.

ఏటినీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. "పోదాం పద" అన్నారు మందవాళ్లు. తొడల దాకా వచ్చాయి. "ఇంకా ఆగుదాం" అన్నాడు సింగన. చెంగల్వకు తిండి సయించలేదు.

చివరికి కట్లు విప్పారు. పిల్ల వణికింది, తూలింది, నిలబడింది! తల్లి పొదుగు వెతుక్కుంటూ నాలుగడుగులు వేసింది.

ఆ పూటే మంద ఏట్లో దిగింది. ప్రవాహం పిల్లను పక్కకు తోస్తుంటే, దాని మెడ చుట్టూ చేయి వేసి, ఎగువన అడ్డంగా నడిచినవాడు చిన్నాన్నే. గట్టెక్కాక పిల్ల ఒళ్లు దులిపి ఆయన మొహం నిండా నీళ్లు చిమ్మింది. ఆయన తుడుచుకోనే లేదు.

పిల్లలూ! ప్రాణం నిలిపే కత్తికి భయపడి, ప్రాణం తీసే ఆచారాన్ని పట్టుకుని కూర్చోకూడదు.